పాఠశాల సంగీతములో భక్తిగీతముల స్థానము

గత సంవత్సరము పాఠశాలలు తెరచిన కొత్తలో, కైకలూరు ప్రాంతమున చేపల వ్యాపారము చేసికొను ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చినారు. వారి అమ్మాయి ఏలూరు వైపున ఒక ప్రభుత్వోన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఆ పాఠశాలలో అదృష్టవశమున సంగీతము నేర్పు ఉపాధ్యాయిని ఒకరున్నారు. మన ప్రాంతములో ఎన్నో పాఠశాలలకు ఆ భాగ్యము లేదు. అమ్మాయికి మంచి గాత్రము. చేర్చుకొనుటకు ఉపాధ్యాయిని సిద్ధముగా ఉన్నారు. వచ్చిన చిక్కు వేరు.

“మాష్టారూ, సరళీ స్వరాలూ అవీ అయిపోయాక మొదటి పాటే వినాయకుడి మీద అంటున్నారండీ. మా పిల్ల పాడొచ్చంటారా? పాడకపోతే మార్కులు పోతాయా? మా అమ్మ ఒప్పుకోవటం లేదు. మీరు తెలుగు చదువుకున్నవారు, నమాజు తెలిసినవారు. మీరెలా చెబితే అలాగే చేస్తాను.”

అప్పటికప్పుడు రెండు మాటలు చెప్పి వారిని సాగనంపితిని. అది రెండు మాటలలో తేలునది కాదని వారు వెళ్లిన పిమ్మట తోచినది. ప్రభుత్వ ధనముతో నడచు పాఠశాలలో మత సంబంధమైన పాటకు చోటున్నదా? ఉన్నచో ఎంతవరకు? ఆ మతమునకు చెందని పిల్లవాని గతి యేమి? ఆనాడు ఆ తండ్రికి నేను సరిగా చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసము.

మొట్టమొదట ఒప్పుకొనవలసినది, వారు విన్నమాట నిజమని. కర్ణాటక సంగీతములో ప్రాథమిక పాఠములకు ఒక క్రమము కలదు. ఆ క్రమమును పురందరదాసు (1484–1564) ఏర్పరచినాడని సంప్రదాయము చెప్పును. మాయామాళవగౌళ రాగములో సరళీ స్వరములు, జంట స్వరములు, అలంకారములు ముగిసిన తరువాత గీతములు వచ్చును. వానిలో మొదటివి మలహరి రాగములోని పిళ్లారి గీతములు. పిళ్లారి యనగా వినాయకుడే. మొదటి గీతము గణనాథునిపై, తరువాతిది శివునిపై, మరియొకటి పద్మనాభునిపై ఉన్నవి. సర్కారు పరీక్షకు కూర్చున్నను, వీధి అరుగు మీద గురువు వద్ద కూర్చున్నను పిల్లలందరు నడచు దారి ఇదియే.

అయితే ఆ గీతములనే మొదట నేర్పుటకు కారణమేమి? భక్తి యొక్కటే కాదు. మలహరిలో నిషాదము లేదు. ఆరోహణములో గాంధారము కూడ లేదు. స్వరములు తక్కువ, నడక సులువు. దాదాపు ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క అక్షరము పడును. అంతవరకు సరిగమలు మాత్రమే పలికిన పిల్లవాడు మాటను స్వరముతో, రెండింటిని తాళముతో ముడివేయుట మొదటిసారి ఇచ్చట నేర్చును. ఓనమాలు వచ్చిన పిల్లవానికి రెండక్షరముల మాటలు చెప్పినట్లే ఇదియు. వడ్రంగి కుర్రవానికి మొదట చిన్న పీట చేయనిత్తురు. ఆ పీట మీద ఎవరు కూర్చుందురన్నది తరువాతి మాట.

ఇచ్చట ఒక చిత్రమైన విషయము చెప్పవలెను. మాయామాళవగౌళకు హిందుస్తానీలో భైరవ్ అని పేరు. అరబ్బీ, తురుష్క సంగీతములలో హిజాజ్‌కార్ అను మకామ్‌లో దాదాపు ఈ స్వరములే ఉన్నవి. అజాన్‌ను మనము సంగీతమనము, అనకూడదు కూడ, అది పిలుపు. అయినను హిజాజ్ మకామ్ ఛాయలో అజాన్ పలికెడి ముఅజ్జిన్ స్వరము వేకువజామున వినుచు పెరిగిన పిల్లకు మాయామాళవగౌళ పరాయిదిగా తోచదు.

సరే, చిక్కంతయు మాటలలో ఉన్నది కనుక మతము తగిలిన పాటలన్నిటిని పాఠ్యప్రణాళిక నుండి తీసివేసినచో ఎట్లుండునని కొందరు మిత్రులు అడిగినారు. తీసివేసి చూతము. అన్నమాచార్యుడు (1408–1503) పోవును. భద్రాచల రామదాసు పోవును. నారాయణతీర్థుని తరంగములు పోవును. త్యాగరాజు (1767–1847) పోవును. ఆయనతోపాటు తెలుగుభాష తమిళ, కన్నడ, మలయాళ దేశములలో సంపాదించిన గౌరవములో సగము పోవును. ఇక మిగులునవి సరళీ స్వరములు, అలంకారములు, కొన్ని వర్ణములు, తిల్లానాలు, జావళీలు. జావళీల అర్థము తొమ్మిదవ తరగతి బాలికలకు విప్పిచెప్పవలసి వచ్చిన ఉపాధ్యాయిని తిరిగి వినాయకుని వద్దకే పరుగెత్తిరాగలదని నా నమ్మకము.

కనుక తీసివేయుట పరిష్కారము కాదు. ఒక దేశములో సంగీతము ఏ నీడన పెరిగినదో ఆ నీడ దాని మీద ఉండక తప్పదు. ఐరోపా సంగీతము చర్చిలో పెరిగినది. మనది గుడిలో, భజనకూటములో, రాజాస్థానములో పెరిగినది. ఖవ్వాలీ దర్గాలో పెరిగినది. పాటను నేర్చుకొనుట వేరు, ఆ పాట పాడిన భక్తుని విశ్వాసమును స్వీకరించుట వేరు. ఈ భేదమును మన పూర్వులు మనకంటె బాగుగా ఎరుగుదురు.

బిజాపూరు సుల్తాను రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా (1580–1627) దక్కనీ భాషలో రాగముల వారీగా కూర్చిన ‘కితాబె నౌరస్’లో సరస్వతీ స్తుతి కలదు, గణపతి స్తుతి కలదు, సూఫీ గురువైన గేసూదరాజ్ స్తుతియు కలదు. మన నేలకు వచ్చినచో, ఒంగోలు సమీపమున కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు నాదస్వరము చేతబట్టి శ్రీరంగమునకు వెళ్లి అచ్చటనే స్థిరపడినారు. రంగనాథుని సన్నిధిలో వాయించినారు. 1977లో పద్మశ్రీ, 1998లో మదరాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదము పొందినారు. మరుసటి యేడు, 1999లో, మరణించినారు. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. ఆంధ్రదేశములో ఎన్నో దేవాలయములలో సుప్రభాత సేవలో, కల్యాణోత్సవములో సన్నాయి వాయించినవారు తరతరములుగా ముస్లింలే. వారు తమ దీనును విడిచిరా? విడువలేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరు (1920–1997) బుర్రకథకు పితామహుడై పల్నాటి వీరుల కథ ఊరూర చెప్పి 1986లో పద్మశ్రీ పొందినారు. 1952లో వచ్చిన ‘బైజూ బావ్రా’ చిత్రములో మాల్కౌంస్ రాగమున హరిదర్శనమునకై తపించు భజనను దేశమంతయు విన్నది. వ్రాసినది షకీల్ బదాయూనీ, స్వరపరచినది నౌషాద్, పాడినది రఫీ. ముగ్గురును ముస్లింలే.

ఎదుటివారి రాక కూడ అంతే. విజయనగరములో 1919లో మహారాజావారు స్థాపించిన సంగీత పాఠశాలకు మొదటి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) హరికథా పితామహుడు. ఆయన పారశీకము నేర్చి ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతములోనికి, అచ్చ తెలుగులోనికి తెచ్చినాడు. మన పల్లెలలో పీర్ల పండుగనాడు హసన్ హుస్సేనుల గాథను తెలుగు పాటలుగా పాడువారిలో హిందువులెందరో మనము చూచుచునే ఉన్నాము.

క్రైస్తవ సోదరుల సంగతి మరింత ఆసక్తికరము. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైన భక్తులు వ్రాసిన తెలుగు కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథములో చేరినవి. ఆ పుస్తకము తెరచి చూచినవారికి కీర్తన మీద రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి కనబడును. కొల్లేటి గట్టున ఆదివారమునాడు చర్చి ముందు నిలుచున్నవారి చెవిని పడునది చాలవరకు మన రాగమే. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణములో పడవల మీద, బస్సుల మీద పోవు జనము వినునదియు ఇదే నేల సంగీతము.

ఇంతవరకు చదివి, “లెక్చరరు గారు అన్నిటిని కలగలిపి సులువుగా తప్పించుకొనుచున్నారు, షరీఅతు మాట యేమి?” అని మన పెద్దలు అడుగవచ్చును. అడుగవలసినదే. సంగీతము విషయమున ఉలమాలలో ఏకాభిప్రాయము లేదు. నిషిద్ధమనువారు కలరు; దఫ్ఫు వరకు అనుమతించువారు కలరు. ఇమామ్ గజాలీ (1058–1111) తన ‘ఇహ్యా’ గ్రంథములో సమా గూర్చి ఒక ప్రత్యేక భాగమే వ్రాసి, కాలము, స్థలము, తోడివారు, వినువాని మనఃస్థితి అను వానిని బట్టి పాట ధర్మాధర్మములు నిర్ణయమగునని వివరించినాడు. చిష్తీ సూఫీలు సమాను సాధనగా గ్రహించినారు. అందుచేత ఒక ఇంటివారు తమ పిల్లను సంగీతమునకు పంపుదుమన్నను, పంపమన్నను రెండింటికిని ఆధారము కలదు. ఆ నిర్ణయము ఆ ఇంటిది. పాఠశాలది కాదు, నాది అంతకన్న కాదు.

పాఠశాలది కానప్పుడు ప్రభుత్వ శాసనము ఏమనుచున్నది? భారత రాజ్యాంగము 28వ అధికరణము ఈ విషయమున స్పష్టముగా మాటాడినది. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు విద్యాసంస్థలో మతబోధ ఉండరాదు. ప్రభుత్వ గుర్తింపు గాని, సహాయము గాని పొందు సంస్థలో మతబోధ ఉన్నను, ఆరాధన జరిగినను, అందు పాల్గొనవలెనని ఏ విద్యార్థిని బలవంతపెట్టరాదు. అతని సమ్మతి, మైనరైనచో సంరక్షకుని సమ్మతి, ఉండవలెను. ఇక మతమును గూర్చి తెలిసికొనుట మతబోధ యగునా? గురునానక్ జీవితమును, బోధలను విశ్వవిద్యాలయములో అధ్యయనము చేయించుట మతబోధ కాదని 1971లో డి.ఎ.వి. కళాశాల వ్యాజ్యములో సుప్రీంకోర్టు చెప్పినది. 2002లో అరుణా రాయ్ వ్యాజ్యములోను మతములను గూర్చిన అధ్యయనమునకు అడ్డు లేదని తేల్చినది. అమెరికాలో 1962, 1963 సంవత్సరములలో పాఠశాలల ప్రార్థనను, బైబిలు పఠనమును నిషేధించిన తీర్పులు వచ్చినవి. అచ్చటనే 1980లో సూఫాల్స్ అను ఊరి పాఠశాలల క్రిస్మస్ పాటల తగవులో, సాంస్కృతిక వారసత్వముగా, నిష్పక్షపాతముగా నేర్పినచో మతగీతములు పాడించుట తప్పు కాదని అప్పీలు కోర్టు నిర్ణయించినది. రెండు దేశముల న్యాయస్థానములు దాదాపు ఒకే గీత గీసినవి.

అయినను ఆ గీత అన్నివేళల కంటికి కనబడునది కాదు. ప్రార్థనా సమావేశములోనే అసలు తగవు. కేంద్రీయ విద్యాలయములలో ఉదయమున చెప్పించు ఉపనిషత్తు ప్రార్థనను ప్రశ్నించుచు వచ్చిన వ్యాజ్యమును 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము రాజ్యాంగ ధర్మాసనమునకు నివేదించినది. అదే సంవత్సరము అక్టోబరులో ఉత్తర ప్రదేశములోని పిలిభిత్ జిల్లాలో ఇక్బాల్ వ్రాసిన ‘బచ్చే కీ దువా’ పిల్లలచేత పాడించినాడని ఒక ప్రధానోపాధ్యాయుని సస్పెండు చేసినారు, పిమ్మట రద్దుచేసినారు. 1902 నాటి ఆ ఉర్దూ గీతమునకు ఆధారము మటిల్డా బెథమ్ ఎడ్వర్డ్స్ అను ఆంగ్ల రచయిత్రి పిల్లలకై వ్రాసిన ప్రార్థన యని విమర్శకులు గుర్తించినారు. క్రైస్తవ బాలల ప్రార్థన ముస్లిం కవి చేతిలో ఉర్దూ దువా అయి, చివరకు మదర్సా పాటయని నిందపడినది! పాటలకు మతము అంటగట్టుటలో మనము ఎంత తొందరపడుదుమో ఈ ఒక్క ఉదాహరణ చాలును.

మన జాతీయ గీతము సంగతి మాత్రము? ‘జనగణమన’ 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో పాడబడినది. ఆ వెంటనే 1912లో ‘తత్త్వబోధినీ పత్రిక’లో అచ్చయినప్పుడు దానికి బ్రహ్మసంగీతమని పేరు. అనగా అది బ్రహ్మసమాజపు ప్రార్థనాగీతముగ లోకమునకు పరిచయమైనది. 1919లో రవీంద్రుడు మన మదనపల్లె బిసెంట్ కళాశాలలో బస చేసినప్పుడు దానిని ఆంగ్లములోనికి మార్చినాడు. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చినది. 1950 జనవరి 24న అది జాతీయ గీతమైనది.

ఆ గీతమును గూర్చియే 1985లో కేరళలో ఒక గొడవ జరిగినది. యెహోవా సాక్షులు అను క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతము వచ్చినప్పుడు వినయముగా లేచి నిలుచుండెడివారు. నోరు విప్పి పాడెడివారు కారు. తమ దేవునికి తప్ప మరెవ్వరికి స్తోత్రము చేయరాదని వారి విశ్వాసము. జూలై 26న వారిని బడినుండి తొలగించినారు. హైకోర్టు వారి మొర వినలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్ తీర్పు చెప్పి ఆ పిల్లలను తిరిగి చేర్చుకొనుమన్నారు. పాడితీరవలెనని ఏ చట్టమును లేదు. మర్యాదగా నిలుచుండుట అగౌరవము కాదు. మనస్సాక్షి నిజమైనదైనచో, దాని హేతువు మనకు నచ్చినను నచ్చకున్నను గౌరవించవలెను. తీర్పు సారాంశమిది. ఆ తీర్పు వ్రాసిన చిన్నపరెడ్డిగారు మన తెలుగువారు. తెలుగు విద్యార్థులు దానిని చదువకుండుట లోటని నేను తరగతిలో చెప్పుచుందును.

ఈ తీర్పునుండి మన ప్రశ్నకు దారి దొరకును. గీతములోని మాటలను బట్టి అది పాఠమా ప్రార్థనా యని తేల్చలేము. పిల్లవానిని ఏమి కోరుచున్నామో దానినిబట్టి తేల్చవలెను. “ఈ పాటలో ధైవతము ఎక్కడ పడినదో చూచి పాడుము” అన్నచో అది పాఠము. “కన్నులు మూసికొని, చేతులు జోడించి, దేవుని తలచుకొని పాడుము” అన్నచో అదే పాట ప్రార్థన. మొదటిదానికి మార్కులు వేయవచ్చును. రెండవదానికి మార్కులు వేయుటకు ఎవ్వరికిని అధికారము లేదు.

నా అనుభవము ఒకటి. తాడేపల్లిగూడెములో ఎనిమిదవ తరగతి చదువుచున్నప్పుడు ఉదయపు సమావేశములో శ్లోకము చెప్పు వంతు నాదిగా ఉండెను. ఎవరును బలవంతపెట్టలేదు, గొంతు బాగున్నదని మా తెలుగు మాష్టారు నియమించినారు. మా నాన్నగారికి తెలిసి నవ్వి ఊరుకొన్నారు. కొంత కాలమునకు కొత్తగా వచ్చిన ఒక ఉపాధ్యాయుడు నా పేరు విని, “నీకెందుకురా ఇవన్నీ, పోయి వరసలో నిలబడు” అన్నాడు. నిలబడితిని. ఆనాడు శ్లోకము చెప్పిన పిల్లవాడు రెండుచోట్ల తప్పు పలికినాడు. వరసలో నిలిచి ఆ తప్పులు లెక్కపెట్టుకొన్నాను. బలవంతముగా పాడించుట తప్పని అందరమందుము. పాడదలచినవానిని పేరు చూచి వెనుకకు పంపుట కూడ ఆ జాతికి చెందిన తప్పేయని ఎంతమందికి తోచును?

ఇక ఆచరణలో చేయవలసినది ఎక్కువ లేదు. సంగీతపు గదిలో పటము ముందు దీపము వెలిగించుట, పటమునకు మ్రొక్కుట పాఠములో భాగము కారాదు; గురువునకు నమస్కారము చాలును. స్వరములు వచ్చి, మాటలు పలుకుటకు మనస్సొప్పని పిల్లకు ఆ గీతమును స్వరముగానో, అకారముగానో పాడనిత్తురు గాక. రాగ తాళముల పరీక్షకు అంతకన్న కావలసినది లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది పాఠ్యప్రణాళికను విశాలము చేయుట. త్యాగరాజ కీర్తన పక్కన పురుషోత్తమ చౌదరి కీర్తన ఒకటి, పీర్ల పాట ఒకటి, నాజరు బాణీలో బుర్రకథ వరుస ఒకటి, ఒక నాత్, ఒక వేమన పద్యము చేర్చినచో, ఏ పిల్లవాడును “ఇది వారి పాట” అని మూల కూర్చుండడు. ప్రతి పిల్లవానికి ఏదో ఒకనాడు పరాయి పాట వచ్చును, ఏదో ఒకనాడు తన పాట వచ్చును. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము పదవ తరగతి వరకు కళావిద్య ఉండవలెనన్నది. ముందు ఆ మాట ప్రకారము ఉపాధ్యాయులను నియమించినచో ఇటువంటి వాదములకైనను అవకాశము కలుగును.

ఇంతవరకు ఇతరుల పాఠశాలల గూర్చి వ్రాసితిని. ఇప్పుడు మన గడపలోనికి రావలెను. 30వ అధికరణము మనకు సంస్థలు స్థాపించి నడుపుకొను హక్కునిచ్చినది. కాని 28వ అధికరణములోని సమ్మతి నియమము మనలను మినహాయించలేదు. మన సభలు హమ్దుతో ఆరంభమగును, నాత్ పాడబడును. ఆ సమయమున హిందూ, క్రైస్తవ విద్యార్థులు మన హాలులోనే కూర్చుందురు. వారిలో ఎవరినైనను “మీకు ఇష్టమేనా?” అని మనము ఎన్నడైన అడిగితిమా? నాకు తెలిసి అడుగలేదు. కొల్లేటి పల్లెనుండి వచ్చిన క్రైస్తవ బాలుడొకడు నాత్ బాగుగా పాడగలనని ముందుకు వచ్చిన యెడల వానికి అవకాశమిత్తుమా, లేక “నీకెందుకురా” అందుమా? ఈ రెండు ప్రశ్నలు కమిటీ పెద్దల ముందు ఉంచుచున్నాను. తరువాతి వార్షికోత్సవమునకు పూర్వమే వీనిని చర్చించుట మంచిదని నా మనవి.

ఆ చేపల వ్యాపారి అమ్మాయి సంగీతములో చేరినది. మొదటి గీతము ముందు స్వరముగా పాడినది. మాటలతో పాడవలెనా యన్నది ఇంటిలో నాయనమ్మతో మాటాడుకొని తానే నిర్ణయించుకొందునన్నదట. ఉపాధ్యాయిని తొందరపెట్టలేదు. మొన్న ఏలూరు బస్టాండులో ఆ తండ్రి కనబడి, “ఇప్పుడు రెండో గీతం మీదున్నదండీ, తాళం ఇంకా తప్పుతోందంట” అన్నారు.